ఆగినప్పుడు కదిలిన చెయ్యి

మొన్న బందరులో ఒక పెళ్ళికి వెళితే, మెడలో కెమెరాలు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు నా పక్కన చేరారు. పొడుగు లెన్సు కొన్నారట. ఎలా తీసినా బొమ్మ పొగ పట్టినట్టు వస్తోందట. "మీరు పేపర్లో చేశారు కదండీ, కదలకుండా ఎలా తీసేవారో కాస్త చెప్పండి" అన్నారు. ఇంతలో భోజనాలకు పిలిచారు. చెప్పడం కుదరలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. వాక్యాలు పొట్టిగా ఉంటాయి. సర్దుకోండి.

అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. లెన్సు ఎంత పొడుగైతే మీ ఒంట్లో కదలిక అంత పెద్దదై బొమ్మలో పడుతుంది. మీ ఊపిరి కూడా పడుతుంది. స్టాండు నేల మీద పెట్టండి. చెక్క వేదిక మీద పెడితే పక్కన ఎవడు నడిచినా ఊగుతుంది. స్టాండు మధ్యలో కొక్కెం ఉంటుంది, దానికి బరువు తగిలించండి. నేను ఇసుక పోసిన సంచి తగిలించేవాణ్ణి. బటన్ని పొడవకండి, నెమ్మదిగా నొక్కండి. మిట్టమధ్యాహ్నం ముదినేపల్లి చెరువుల మీదుగా కొంగల్ని తీయబోకండి. నీళ్ళ మీద గాలి వేడికి మరుగుతున్నట్టు ఆడుతుంది, ఎంత ఖరీదైన లెన్సూ దాన్ని ఆపలేదు. విద్య ఇంతే. మిగతాది ఓపిక.

ఇదంతా తెలిసిన నేను, కదిలిపోయిన బొమ్మలు తెచ్చానన్న పేరుతో ఉద్యోగంలోంచి బయటికొచ్చాను. అసలు చెప్పాల్సింది అది. ఇన్నాళ్ళూ చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు ఆ బొమ్మల్లో ఉన్నాయన ఇల్లాలే రాయమంది. పేర్లు మాత్రం వద్దంది.

మాది పెడన. మా నాన్న అద్దకం పనివాడు. బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చును రంగులో ముంచి, గుడ్డకు ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు. గుద్దేటప్పుడు అచ్చు వెంట్రుకవాసి జరిగితే గీత రెండవుతుంది. మా నాన్న గీత ఎప్పుడూ ఒక్కటే. అలాంటి మనిషికి పెద్దతనంలో కుడిచెయ్యి వణకడం మొదలైంది. పనిలో చెయ్యి ఆడుతున్నంతసేపూ తెలిసేది కాదు. అచ్చు ఆనించి, గుద్దబోయే ముందు ఒక్క క్షణం ఆగుతారే, అక్కడ వణికేది. పువ్వుల రేకులు రెండేసి పడటం మొదలెట్టాయి.

మేస్త్రి తిట్టలేదు. మంచివాడే. ఒక పొద్దున నాన్న వెళ్ళేసరికి ఆయన అచ్చు ఇంకొకడి ముందుంది. అంతే. నాన్న ఏమీ అడగలేదు. మూలనున్న గుడ్డల మూట ఎత్తుకుని కాలవకు వెళ్ళాడు. పోయేదాకా కాలవలో గుడ్డలు జాడించే పనే చేశాడు. నీళ్ళలో చెయ్యి వణికినా ఎవరికీ కనపడదు.

నేను బడి మొహం చూడలేదు. బందరులో ఒక స్టూడియోలో ఊడ్చి, నీళ్ళు మోసి, చీకటిగదిలో ఫొటోలు కడగడం నేర్చి, అక్కణ్ణుంచి కెమెరా పట్టుకున్నాను. తరవాత ఒక దినపత్రికలో జిల్లా ఫొటోగ్రాఫరు ఉద్యోగం దొరికింది. అప్పటికీ నాకు అ ఆలు రావు. ఏ రీలు ఏ ఊరిదో గుర్తుండటానికి డబ్బాల మీద బొమ్మలు గీసుకునేవాణ్ణి. బందరుకు చేప, గుడివాడకు వరికంకి, దివిసీమకు పడవ. ఒకసారి ముదినేపల్లి వైపు చేపల చెరువు తీసి, అలవాటు తప్పి డబ్బా మీద చేప గీశాను. మర్నాడు పేపర్లో ఆ చెరువు బందరు తీరంగా వచ్చింది. అందులో రెండు గేదెలు మెడదాకా మునిగి హాయిగా ఉన్నాయి.

గుడివాడ రిపోర్టరు ఆ పేపరు పట్టుకుని బస్సెక్కి వచ్చాడు. మాకు చుట్టరికం లేదు గాని బావా అంటే బావా అనుకునేవాళ్ళం.

"ఏరా బావా, బందరు సముద్రంలో గేదెలు ఈదుతున్నాయంట కదా! మా ఊళ్ళో జనం టిక్కెట్టు పెట్టినా వస్తామంటున్నారు."

"నవ్వకు బావా. కడుపు మండిపోతోంది."

"మండితే మంచిదే. కూర్చో ఇక్కడ. ఇదేంటి?" అని పేపరు పైభాగం మీద వేలు పెట్టాడు.

అలా నాకు చదువు చెప్పాడు. పలక మీద కాదు, పతాకశీర్షికల మీద. అందుకే నాకు పెద్ద అక్షరాలు ముందు వచ్చాయి, చిన్నవి చాలా రోజులకు వచ్చాయి. ఇప్పటికీ చిన్న అక్షరాలను కాస్త అనుమానంగానే చూస్తాను.

పొడుగు లెన్సు మా ఆఫీసుకు వచ్చింది నా ఉద్యోగం చివరి రోజుల్లో. అంతకుముందు నాట్యమైనా నాటకమైనా వేదిక అంచున గొంతుక్కూర్చుని తీసేవాళ్ళం. ఆడేవాళ్ళ గజ్జెల దుమ్ము మా మొహాన పడేది. తరవాత వేదిక ముందంతా సోఫాలు, వీడియో క్రేన్లు, పెద్ద తెరలు వచ్చాయి. పేపరువాళ్ళను మైకువాడి బల్ల వెనక్కి తోశారు. అంతదూరం నుంచి మామూలు లెన్సుతో తీస్తే మనిషి చీమంత ఉంటాడు. అందుకని ఈ లెన్సు తెప్పించారు. ఆఫీసులో అందరూ దాన్ని గొట్టం అనేవాళ్ళు. "గొట్టం వచ్చిందా? టీ తాగిందా?" అని నన్నే అడిగేవాళ్ళు. అప్పటి బ్యూరో ఇన్‌ఛార్జి నాకంటే వయసులో చాలా చిన్న. పనిలో గట్టివాడు, మాటలో మెత్తనివాడు. నన్ను పెద్దాయనా అని పిలిచేవాడు.

ఇక అసలు మనిషి. కూచిపూడిలో ఒక నాట్యగురువు. ఆడవేషం కట్టడంలో పేరున్నవాడు. నేను రీలు కెమెరాల కాలం నుంచీ ఆయన్ని తీస్తున్నాను. ప్రవేశానికి ముందు ఇద్దరు తెర పట్టుకుంటారు. దాని వెనక నుంచి ఆయన పొడుగాటి జడను తెర మీదుగా బయటికి వేస్తాడు. మనిషి కనపడడు, జడ ఒక్కటే. నాతో గెలిచేవాళ్ళుంటే రండి అన్నట్టుంటుంది. ఆ జడకే జనం ఈలలు వేసేవారు. ఆ జడ ఆయనకు తండ్రి ఇచ్చినది. వాళ్ళింట్లో వేషం చేతులు మారడమంటే జడ చేతులు మారడమే.

ఆ ఏడు దివిసీమలో ఒక ఊరి తిరునాళ్ళకు ఆయన బృందం వచ్చింది. ఆట మొదలయ్యే ముందు మైకులో చెప్పించారు. ఈసారి పాత పద్ధతిలో ఆడతాం, కరెంటు దీపాలు తీసేస్తాం, రెండు కాగడాలు చాలు అని. జనం చప్పట్లు కొట్టారు. మా బావకైతే కళ్ళ నీళ్ళొచ్చాయి. "చూశావా, ఈ రోజుల్లో ఇంత నిష్ఠ ఎవరికుందిరా!" అన్నాడు.

"నిష్ఠ సంగతి దేవుడెరుగు. నాకు వెలుగు లేకుండా చేశాడు మహానుభావుడు" అన్నాను.

తక్కువ వెలుగులో షట్టరు నిదానంగా తెరిచి మూయాలి. ఆ కాస్తలో ఆడే మనిషి కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. దానికొక ఉపాయముంది. జతి ముగిసే చోట తాళం పడి, ఆడేవాళ్ళు ఒక్క రెప్పపాటు శిల్పంలా ఆగుతారు. అక్కడ నొక్కాలి. ఆ ఆగే చోటును చెవితో పట్టుకోవాలి. కంటికి కనపడిందాకా ఉంటే అప్పటికే దాటిపోతుంది. నాకు ఆ చెవి ఉంది. ఆ సాయంత్రం కాగడాల మీద గుగ్గిలం పొడి చల్లి మంట లేపినప్పుడల్లా, తాళం పడినప్పుడల్లా నొక్కాను. జడ బయటికొచ్చినప్పుడు దాని కొస సన్నగా అదురుతోంది. గాలనుకున్నాను.

మర్నాడు ఆఫీసులో కంప్యూటరు ముందు ఇన్‌ఛార్జి నన్ను పిలిచాడు.

"పెద్దాయనా, స్టాండు వాడారా?"

"వాడానండి. ఇసుకసంచి కూడా వేలాడేశాను."

"మరి ఈ కుడిచెయ్యి ఏంటండీ ఇలా వచ్చింది? వేళ్ళు లేవు, మసక ఉంది."

నేను చూశాను. నిజమే. అన్ని బొమ్మల్లోనూ అంతే.

"మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. వయసు వచ్చాక ఎవరికైనా చేతుల్లో కాస్త..."

"నా చేతులు బానే ఉన్నాయండి. గొట్టంలోనే ఏదో తేడా ఉంది."

"కోప్పడకండి. అడిగానంతే."

కోపం వచ్చింది మరి. గొట్టం భుజాన వేసుకుని గిలకలదిండి రేవుకు వెళ్ళాను. ఇటు ఒడ్డున స్టాండు వేసి, అవతలి ఒడ్డున మరమ్మతుకు ఒడ్డెక్కించిన ఒక పడవను తీశాను. దాని మీద రాసిన అమ్మవారి పేరు అక్షరం అక్షరం చదువుకున్నాను. పెచ్చులూడిన రంగు కూడా కనపడింది. లెన్సు బాగుంది. నా చేతులూ బాగున్నాయి.

ఆఫీసుకు వచ్చి ముందురోజు బొమ్మలు మళ్ళీ పెద్దవి చేసి చూశాను. ఈసారి చెయ్యి వదిలేసి మిగతాది చూశాను. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి. ముక్కెర రాళ్ళు మెరుస్తున్నాయి. మెడలో పూసకూ పూసకూ మధ్య దారం కనపడుతోంది. నా స్టాండు కదిలితే ఇవన్నీ కదలాలి కదా. కదిలింది ఆయన చెయ్యి. అదీ, ఒళ్ళంతా ఆగినప్పుడు.

నాకు మా నాన్న అచ్చు ఆనించి ఆగడం గుర్తొచ్చింది. కాగడాలు ఎందుకు కావలసి వచ్చాయో అప్పుడు తెలిసింది.

మా బావకు ఇదేమీ తెలియదు. వాడు పెద్ద వ్యాసం రాశాడు. "జడ కొస కూడా అలిగింది. ఆగిన క్షణంలో సైతం వేలికొసలు కోపంతో కంపించాయి. ఇంత వయసులో ఈ కళాకారుడు కొత్త అభినయం కనిపెట్టాడు." ఇలా సాగింది. జిల్లా అంతా మెచ్చుకుంది. నాకు ఫోను చేసి, "చదివావా? చిన్న అక్షరాలు కూడా చదివావా?" అని అడిగాడు. చదివానన్నాను. బాగుందన్నాను. వాక్యం నిజంగానే బాగుంది.

ఆదివారం పేజీకి గురువుగారి తరగతి ఫొటోలు కావాలన్నారు. పొద్దున్నే కూచిపూడి వెళ్ళాను. వసారాలో ఆడపిల్లలు వరసగా నిలబడి ఆడుతున్నారు. ఆయన ఎడమచేత్తో కర్ర పట్టుకుని తాళం కొడుతున్నాడు. కుడిచెయ్యి ఉత్తరీయం కింద ఉంది. నేను పెరటి గుమ్మం దగ్గర గొట్టం పెట్టుకుని చెవి తాళానికి అప్పగించాను.

జతి అయింది. తాళం పడింది. పిల్లలంతా ఆగారు. ఆగి, అందరూ ఒక్కసారిగా కుడిచేతి వేళ్ళు సన్నగా వణికించారు.

నేను నొక్కలేదు. నొక్కడం మర్చిపోయాను.

ఆయన కర్ర కింద పెట్టాడు. "ఎవరు నేర్పారే ఇది?"

ముందున్న పిల్ల ఉత్సాహంగా, "మీరే కదండీ గురువుగారూ! పేపర్లో కూడా వేశారు" అంది. నిజంగానే మా బావ వ్యాసం కత్తిరించి గోడకు అంటించారు.

ఆయన ఆ గోడ వైపు చాలాసేపు చూశాడు. "సరే. ఇవాళ్టికి చాలు. వెళ్ళండమ్మా" అన్నాడు. పిల్లలు గజ్జెలు విప్పుకుని గలగలా మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

తరవాత నన్ను అరుగు మీద కూర్చోమన్నాడు. ఆయన భార్య కాఫీ తెచ్చింది. ఆయన ఎడమచేత్తోనే గ్లాసు అందుకున్నాడు.

"ఏమయ్యా, నీ గొట్టంలోంచి ఎంతవరకూ కనపడుతుంది?"

"ముక్కెర రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చండి."

"వేళ్ళో?"

నేను కాఫీ చూస్తూ, "మా నాన్నకూ వచ్చిందండి" అన్నాను.

"ఏం చేసేవారు మీ నాన్నగారు?"

"పెడనలో అద్దకమండి."

"ఏం చేశారు మరి ఆయన్ని?"

"అచ్చు తీసేసుకున్నారండి."

ఆ మాటకు ఆయన తలూపాడు. గ్లాసు పక్కన పెట్టాడు. "వచ్చే ఉత్సవంలో జడ మా శిష్యుడికి ఇచ్చేస్తున్నాను. వేదిక మీదే. వాడికీ తెలియదు. ఆడగలిగి ఉండగా ఇచ్చాడు అనాలయ్యా. చెయ్యి పడిపోతే తీసేసుకున్నారు అనకూడదు. నాకు కావలసింది అదొక్కటే. వాడికి వచ్చేది కూడా జడ కావాలి గాని, నా జబ్బు కాకూడదు. ఇప్పటికే ఈ పిల్లలకు అంటించాను."

"డాక్టరు దగ్గరికి వెళ్దామంటే వినరు అన్నయ్యగారూ" అంది ఆవిడ గుమ్మంలోంచి. "అక్కడ ఎవరైనా చూస్తారట. వేషానికి కనుబొమ్మలు కూడా నేనే దిద్దుతున్నాను. ఎన్నాళ్ళు దాస్తారో మీరైనా అడగండి."

"ఆ ఒక్క ఆటా అవనీవే. నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

ఆయన నన్ను ఏమీ కోరలేదు. ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను. బొమ్మ తీయొద్దనలేదు, వేయొద్దనలేదు. బస్సు దాకా వచ్చి సాగనంపాడు.

ఉత్సవం దగ్గర పడ్డాక ఇన్‌ఛార్జి నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు. మొదటి పేజీలో రంగుల్లో పెద్ద బొమ్మ వేస్తారట. "పెద్దాయనా, ఈసారి కూడా కదిలితే పైవాళ్ళకు నేను సర్దిచెప్పలేనండీ. మీ కాంట్రాక్టు తిరగరాయాల్సిన టైము కూడా ఇదే." ఆ తరవాత తనలో తను అనుకుంటున్నట్టు, "అయినా మొహం అంత స్పష్టంగా ఉండి వేళ్ళు మాత్రమే ఎలా పోయాయో నాకిప్పటికీ అర్థం కాదు" అన్నాడు.

"ఆ లెన్సు అంచుల్లో అలా వస్తుందండి" అన్నాను. నోటికొచ్చిన అబద్ధం. కాని నాకు భయం పట్టుకుంది. అలాంటి బొమ్మ ఇంకొకటి ఇన్‌ఛార్జి ముందు పెడితే పసిగడతాడు. పేపరు నిండా వేస్తే ఏ ఊళ్ళో డాక్టరైనా కాఫీ తాగుతూ చెప్పేస్తాడు. కళ్ళారా చూసే జనానికి అది అభినయం. వీడియోలో అది భావావేశం. ఆగిపోయిన బొమ్మలో మాత్రం దాక్కోవడానికి చోటు లేదు. నేను బాగా తీస్తే గురువుగారి పరువు పోతుంది. చెడగొడితే నా ఉద్యోగం పోతుంది. ఇంకో దారి ఉందేమోనని వెతికాను. మీకు తోస్తే చెప్పండి.

ఉత్సవం రోజు సూర్యుడు గుంకేవేళకు జనం నిండిపోయారు. మైకువాడి బల్ల వెనక, చెక్క వేదిక దిగి, మట్టి నేల చూసుకుని స్టాండు పాతాను. ఇసుకసంచి తగిలించాను. మిగతా పేపర్ల కుర్రాళ్ళు ఆ కాగడాల వెలుగు చూసి పెదవి విరిచి, సన్మానం ఫొటోలు చాలని ముందుకు వెళ్ళారు.

తెర మీద జడ పడింది. ఈలలు మోగాయి. ఆయన ఆడాడు. నేను అన్నేళ్ళుగా చూసిన మనిషే. కదులుతున్నంతసేపూ ఆయనలో ఏ లోపమూ లేదు. చివరి జతి అయ్యాక ఆయన చేతులు తల వెనక్కి వెళ్ళాయి. జడ విప్పాడు. విప్పి, రెండు చేతుల మీద పరుచుకుని, పక్కన నిలబడ్డ శిష్యుడి ముందుకు చాచాడు. ఆ అబ్బాయికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మోకాళ్ళ మీద కూలబడి, రెండో కొస పట్టుకున్నాడు. మద్దెల ఆగింది. కాగడా పట్టుకున్నవాడు కూడా ఊపిరి బిగబట్టాడు.

చెవికి అలవాటైన చోటు అది. నా వేలు దానంతటది నొక్కేసింది.

కెమెరా వెనక ఉండే చిన్న తెర మీద బొమ్మ చూసుకున్నాను. నా జీవితంలో అంత స్పష్టమైన బొమ్మ తీయలేదు. శిష్యుడి కంట్లో నీటిబొట్టులో కాగడా కనపడుతోంది. గురువుగారి నుదుటి చెమట కనపడుతోంది. ఆయన వేళ్ళు మాత్రం మసక. జడ ఆయన చేతుల్లో ఉన్న కొస చెదిరింది. శిష్యుడి చేతుల్లో ఉన్న కొస నిలకడగా, అల్లిక అల్లికగా ఉంది.

దాన్ని పక్కన దాచుకుని, స్టాండు కొక్కెం నుంచి ఇసుకసంచి తీసేశాను. స్టాండు కాలికి నా మోకాలు ఆనించాను. ఆ జడ చేతులు మారుతున్నంతసేపూ మోకాలితో కదుపుతూ తీశాను.

కదలకుండా తీయడం ఎలాగో పైన చెప్పాను. కదిపి తీయడం అంతకంటే కష్టం. ఎక్కువ కదిపితే కావాలని చేశానని తెలిసిపోతుంది. తక్కువైతే మొహం నిలబడి చెయ్యి పట్టిస్తుంది. బొమ్మంతా ఒక్కలాగా, ఒక ముసలివాడి చెయ్యి ఎంత కదులుతుందో అంతే కదలాలి. మా నాన్న చెయ్యి తలచుకుని కదిపాను.

జనం ఏడుస్తున్నారు. మా బావ వెక్కివెక్కి ఏడుస్తూ, "ఇది పడిందా? ఇది పడిందా?" అని నా భుజం కుదిపేశాడు. పడిందన్నాను.

ఆఫీసుకు మోకాలితో తీసినవే పంపాను. ఫోను వెంటనే వచ్చింది. ఇన్‌ఛార్జి కోప్పడలేదు. "ఇవేనా? ఇంకేమీ లేవా?" అని రెండుసార్లు అడిగాడు. లేవన్నాను. మర్నాడు మొదటి పేజీలో వేరెవరో తీసిన శాలువా ఫొటో వచ్చింది. అందులో ఒక పెద్దమనిషి నవ్వుతున్నాడు. గురువుగారు సగం కనపడుతున్నారు.

ఆ మర్నాడు ఇన్‌ఛార్జి నన్ను పిలిచి టీ తెప్పించాడు. "మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఈ జిల్లాలో ఎంతమందో. మిమ్మల్ని నేను ఇలా..." అని ఆగాడు. నేనే అందుకుని, "వయసయిపోయిందిలెండి" అన్నాను. బెజవాడలో నరాల డాక్టరు ఒకాయన ఉన్నాడని, వణుకుకు మంచి మందులిస్తాడని, చిరునామా చీటీ మీద రాసి నా జేబులో పెట్టాడు. "అశ్రద్ధ చేయకండి పెద్దాయనా" అన్నాడు. నిజంగా నా మీద ప్రేమతోనే.

ఆ చీటీ పట్టుకుని అటునుంచి అటే కూచిపూడి బస్సెక్కాను. గురువుగారి భార్య చేతిలో పెట్టాను. ఆట అయిపోయింది కాబట్టి గురువుగారు మాట మీద నిలబడి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మందులు వేసుకున్నారు. వణుకు కొంత తగ్గింది, పోలేదు. ఇంకా ముందే వెళ్ళి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నేను దాచి మేలు చేశానా, ఆలస్యం చేశానా అని ఇప్పటికీ అనుకుంటాను. డాక్టరుకు చూపించుకోండని నేను కూడా ఆ అరుగు మీద గట్టిగా చెప్పలేదు. మా నాన్నకు చెప్పిన డాక్టరు ఎవరూ లేరు కాబట్టి నాకు తోచలేదేమో.

ఆయన మళ్ళీ వేదిక ఎక్కలేదు. వసారాలో కూర్చుని పాఠం చెప్పేవారు. ఆగినప్పుడు వేళ్ళు రాయిలా ఉండాలని పిల్లల చేత మళ్ళీ మళ్ళీ చేయించేవారు. తన చెయ్యి మాత్రం ఉత్తరీయం కిందే ఉంచేవారు. కొన్నేళ్ళకు పోయారు. ఇంకా ఆడగలిగి ఉండగానే శిష్యుడికి జడ అప్పగించిన మనిషి అని పేపర్లన్నీ రాశాయి. మా పేపర్లో రాసింది బావే.

ఆయన పోయాక బావకు చెప్పాను. "నా జన్మలో రాసిన మంచి వాక్యం ఆ వేలికొసలదొక్కటేననుకున్నాన్రా" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "నీ చెయ్యి వణకడమేంటని నేనైనా అడగాల్సింది. నీ చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించినవాణ్ణి" అన్నాడు. ఆ రోజు ఇద్దరం గుడివాడ బస్టాండులో కూర్చుని రెండు బస్సులు వదిలేశాం.

మొన్న గురువుగారి భార్య ఫోను చేసింది. గోడకు పెట్టుకోవడానికి గురువుగారి ఫొటో కావాలంది. కవరులో రెండు పట్టుకెళ్ళాను. ఒకటి రీలు కాలంలో తీసినది. జడ ముందుకు వేసుకుని, కుడిచెయ్యి గడ్డం కింద పెట్టి, గీత గీసినట్టు నిలబడ్డది. రెండోది నేను ఎవరికీ చూపించనిది. దాన్ని ఎందుకు పట్టుకెళ్ళానో నాకే తెలియదు.

మొదటిది చూసి ఆవిడ, "బాగున్నారు" అని పక్కన పెట్టింది. రెండోదాన్ని వెలుగుకు తిప్పి చూసింది. చెదిరిన వేళ్ళ మీద బొటనవేలితో నిమిరింది.

"ఇది పెద్దది చేయించి ఇవ్వండి అన్నయ్యగారూ."

"అది చెదిరిందమ్మా. చూసినవాళ్ళు ఫొటో తీసినవాడి చెయ్యి వణికిందంటారు."

"అంటే ఏం, మీరు పడలేరా?"

"నాకు అలవాటేలెండి."

ఆవిడ కొంచెం నవ్వింది. ఫొటో ఒళ్ళో పెట్టుకుంది.

"మీ నాన్నగారికీ ఉందన్నారుగా, మీకు తెలిసే ఉంటుంది. నిద్రలో ఆ వణుకు ఉండదు. మెలకువగా ఉన్నంతసేపూ ఆడుతుంది, నిద్రపడితే ఆగిపోతుంది. చివర్లో రోజూ ఆ చెయ్యి పట్టుకునే కూర్చునేదాన్ని. ఆగగానే, అమ్మయ్య, పడుకున్నారు అనుకుని లేచి నా పని చూసుకునేదాన్ని. ఆ రోజు కూడా మధ్యాహ్నం ఆగింది. దుప్పటి కప్పి, తలుపు చేరవేసి వచ్చాను. పిల్లలు అప్పుడే పాఠానికి వస్తున్నారు. గురువుగారు లేస్తారు, గజ్జెలు కట్టకండి అన్నాను."